నాయనమ్మ దాచుకున్న కట్టెలు

మా నాయనమ్మ బుచ్చమ్మకు చావంటే భయం లేదు. వానాకాలంలో చావంటేనే భయం.

ఎండాకాలంలో ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చినా ఆమెకు ఫికర్ ఉండదు. గోలీ వేసుకోమంటే "పోతె పోత తియ్యి" అని అటు తిరిగి పడుకుంటుంది. అదే ఆషాఢంలో రెండు తుమ్ములు వచ్చాయంటే మిరియాల కషాయం, మెడకు మఫ్లర్, చెవుల్లో దూది. ఆపైన "సోనీ, డాక్టరు ఉన్నడో లేడో చూసి రాపో" అని నా ప్రాణం తీస్తుంది. కారణం తెలియని వాళ్లు ముసలమ్మకు చాదస్తం అనుకుంటారు. ఇంట్లో వాళ్లం కాబట్టి మాకు తెలుసు. ఆ కారణం మా బర్రెల కొట్టంలో, గోడకు జానెడు దూరంలో, ఇటుకల మీద నా ఎత్తున పేర్చి ఉండేది.

కట్టెలు. తనను కాల్చడానికి తానే దాచుకున్న కట్టెలు.

ఇదంతా మా తాత అంజన్న చేసిన పని. ఆయన పోయి పోయి శ్రావణంలో, ముసురు పట్టిన వారంలో పోయాడు. శ్మశానం దగ్గర దొరికిన కట్టెలు అప్పటికే నీళ్లు తాగి ఉబ్బి ఉన్నాయి. చితి అంటుకోలేదు. కిరసనాయిలు పోశారు, కర్పూరం వేశారు, నెయ్యి డబ్బా బోర్లించారు, చివరికి ఎవరో పాత టైరు ముక్కలు కూడా తెచ్చారు. పొగ వచ్చింది గానీ మంట రాలేదు. మాలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు కాబట్టి నాయనమ్మ అదంతా చూడలేదు. కానీ తిరిగొచ్చిన మగవాళ్లలో ఒకాయన మా అరుగు మీద తల తుడుచుకుంటూ, "పాపం జేసినోనికి అగ్గి గూడ అంటదంటరు. నిజమే ఉన్నట్టున్నది" అన్నాడు. గోడకు ఇవతల కూర్చున్న నాయనమ్మకు అది వినబడింది.

మా తాత చేసిన పాపమల్లా పాలలో నీళ్లు కలపడం. అదీ మరీ ఎక్కువ కాదు. ఉప్పుగూడలో ఇంటింటికీ పాలు పోసే వాళ్లలో చిక్కటి పాలంటే ఆయనవే అనేవారు. అట్లాంటి మనిషి, కట్టెలు తడిసిన పాపానికి పాపాత్ముడైపోయాడు. నాయనమ్మ ఆ మాట అన్నాయనతో మళ్లీ మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు ఎర్రటి ఎండాకాలం, చితి భగ్గున మండిందట. దానికీ ఏడ్చింది.

"నా మీద ఎవ్వడు గా మాట అనొద్దు," అని అప్పుడే తేల్చేసింది.

మా బాపు కైలాసం గొడవ పెట్టాడు. "బతికున్న మనిషి ఇంట్ల కాష్టం కట్టెలు పెట్టుకుంటరా అమ్మా? అపశకునం."

"కాష్టం కట్టెలని నువ్వంటున్నవ్. నేను ఒట్టి కట్టెలనే అంటున్న."

"ఇప్పుడు శ్మశానంల కరెంటుది వచ్చింది గద! బటన్ ఒత్తితె అయిపాయె."

"నడుమల కరెంటు పోతె?"

మా గల్లీలో మబ్బు పట్టిందంటేనే కరెంటు పోతుంది.

"గ్యాస్‌ది గూడ ఉన్నదంట నాయనమ్మా," అన్నాను నేను.

"నేనేమన్న ఇడ్లీనా?"

అట్లా కట్టెలు మొదలయ్యాయి. వానలకు ముందు కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టే కృష్ణయ్య మా గల్లీకి వచ్చినప్పుడల్లా తన ట్రాలీ మా ఇంటి ముందు ఆపేవాడు. తుమ్మ, చింత దొరికితే నాయనమ్మ కళ్లు మెరిసేవి. గుల్‌మొహర్ తెస్తే మాత్రం, "గిది కాగితం లెక్క కాలుతది. నేను సగంల ఉంటె ఎవడు జూస్తడు?" అని మనసులో మాట నోటి దాకా వచ్చి, "బోనం సగంల ఉంటె ఎవడు జూస్తడు?" అని మార్చేది.

అవును, బోనం. బయటివాళ్లకు ఆమె చెప్పిన అబద్ధం అదే. పండుగనాడు అమ్మవారికి నెత్తి మీద ఎత్తుకుపోయే ఆ నైవేద్యాన్ని మా గల్లీలో గ్యాస్ మీద వండరు. ఎవరి గడప ముందు వాళ్లు మూడు ఇటుకలు పెట్టి, కట్టెల పొయ్యి మీద, కొత్త కుండలో వండాలి. కాబట్టి ఏ ఇంట్లోనైనా పది పుల్లలు దాచుకోవడం మామూలే. నాయనమ్మ దాచినవి చూస్తే మాత్రం గల్లీ అందరి బోనాలూ వండి, మిగిలినవాటితో ఒక పెళ్లి వంట చేయొచ్చు. పెద్దావిడ, భక్తి ఎక్కువ అనుకున్నారు జనం.

మొదటి ఏడు ఆమె చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. ఆమె ముందు మాత్రం నవ్వను. వానలు మొదలవగానే తడిసిపోతాయేమోనన్న బెంగతో ఎక్కడో ఎన్నికల ఫ్లెక్సీ సంపాదించి, కట్టెల చుట్టూ చంటిపిల్లకు దుప్పటి చుట్టినట్టు చుట్టి, తాళ్లతో బిగించింది. చినుకు పడితే ఒక తాడు, ఉరిమితే ఇంకో తాడు. భాద్రపదంలో విప్పి చూస్తే లోపల నుంచి ఆవిరి వచ్చింది. కట్టెల నిండా తెల్లటి బూజు, సందుల్లో కుక్కగొడుగులు. చేతులు జోడించి నవ్వుతున్న ఫ్లెక్సీలో పెద్దమనిషికి కూడా ఆకుపచ్చ గడ్డం మొలిచింది. ఒక్క చుక్క లోపలికి పోలేదు. పచ్చి కట్టెల్లోని తడే బయటికి పోలేక అక్కడే ఉడికింది.

నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇన్నేండ్లు పిడకలు కొట్టిన. ఎప్పుడన్న పిడకలను మూటగట్టిననా? గాలికి ఇడుస్తె ఎండుతయని నాకెరుక లేదా? భయం నా తెలివిని మింగింది గదనే!"

ఆ తర్వాత ఆమె పద్ధతే మారింది. ఎండాకాలమంతా కట్టెలు మిద్దె మీద ఎండేవి. బెరడు తీసేది, లావు మొద్దులను కృష్ణయ్యతో చీల్పించేది. తొలకరికి ముందే దింపి కొట్టంలో ఇటుకల మీద, ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డం, మధ్యలో గాలి ఆడేట్టు పేర్చేది. పైన రేకు, పక్కలు ఖాళీ. బర్రెల ఊపిరి తగిలితే చెమ్మ వస్తుందని బర్రెలను అవతలి గుంజలకు కట్టించింది. బాపు ఒకసారి బర్రెను అదిలించడానికి పై కట్టె ఒకటి లాగితే, "నా కాలు గుంజినవ్ రా!" అని అరిచింది. ఏ కట్టె ఆమె కాలో, ఏది చెయ్యో ఆమెకు లెక్క ఉన్నట్టుంది.

ఇక పొద్దున పాలు పిండకముందే పరీక్ష. రెండు కట్టెలు తీసి చెవి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టేది. టక్‌మని మోగితే ముఖం విప్పారేది. దబ్‌మంటే ఆ రోజు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఈ ఏడాది బోనాలకు ముందు ముసురు పట్టుకుంది. ఉతికిన బట్టలు ఆరక ఇల్లంతా తడి వాసన. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరైంది. అగ్గిపెట్టెలు గీస్తే మందు రాలిపోయేది. నాయనమ్మ పూటకోసారి కొట్టంలోకి పోయి టక్‌మనిపించుకొని వచ్చేది. అంత వానలోనూ ఆ కట్టెలు మోగాయి. ఆమె గర్వం చూడాలి! పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లలా తిరిగింది. ఆ సంగతి నాకు ఎట్లా తెలుసని అడగకండి, నేను ఎప్పుడూ ఫస్టు రాలేదు.

బోనాల ముందు రోజు సాయంత్రం ఎదురింటి విమలాదేవి గొడుగు వేసుకొని వచ్చింది. వాళ్లది పెద్ద కిరాణా హోల్‌సేల్ దుకాణం. గల్లీలో బోనాల మంచి చెడ్డ అంతా ఆమె చేతి మీదే నడుస్తుంది.

"బుచ్చమ్మక్కా, మా కొంప మునిగింది. కట్టెలు కింద కార్లు పెట్టేకాడ పెట్టినం. రోడ్డు మీది నీళ్లన్ని అండ్లకే వచ్చినయ్. గల్లీల అందరియి గట్లనే ఉన్నయ్. కట్టెల అడ్డల గూడ అన్ని తడియే."

"అయ్యో," అంది నాయనమ్మ. ఆ 'అయ్యో' లోనే భయం మొదలైంది.

"నీ దగ్గర బోనాలకు దాచినయి ఉన్నయ్ గద! అమ్మవారే నీతోని దాపిచ్చినట్టున్నది."

నేను పమిట నోట్లో కుక్కుకున్నాను. బాపు బర్రె వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఎవరూ పిలవకుండానే విమలాదేవి కొట్టంలోకి నడిచి, రెండు కట్టెలు తీసి కొట్టింది. టక్! గుడి గంటలా మోగింది.

"అబ్బ! ఏం కట్టెలక్కా! నూనె లేకుంట అంటుకుంటయ్."

"ఆఁ... రేపొద్దున చూద్దం తియ్యి," అంది నాయనమ్మ.

"చూసుడేంది, ఉన్నయ్ గద. అందరికి జెప్త, ఎవ్వలు ఫికర్ జెయ్యకుర్రని." గొడుగు విప్పి, వెళ్తూ వెళ్తూనే ఇంటింటికీ కేకేసి చెప్పుకుంటూ పోయింది.

నాయనమ్మ పాలక్యాను మీద కూలబడింది. చితి కోసం దాచిన కట్టెల మీద అమ్మవారి నైవేద్యం! కాదంటే నిజం చెప్పాలి. చెబితే, అపశకునం కట్టెలు ఇన్నేళ్లు గల్లీలో పెట్టావా అని దుమ్మెత్తి పోస్తారు. తడిశాయని చెబుదామంటే విమలాదేవి మోగించి మరీ పోయింది.

"నేను ముందే జెప్పిన," అన్నాడు బాపు.

"నువ్వు నోర్ముయ్."

"రెండు బకెట్ల నీళ్లు పోద్దమా? పొద్దున వరకు తడుస్తయ్. వాన లోపలికి కొట్టిందని జెప్పొచ్చు," అన్నాను నేను, ఉత్త పరాచికానికి.

ఆమె నా ముఖం చూసి, లేచి నిజంగానే బకెట్ నింపింది. నా నవ్వు ఆగిపోయింది. కట్టెల ముందు బకెట్ పట్టుకొని నిలబడింది. రేకు మీద వాన మోగుతోంది. బకెట్ ఒకసారి ఎత్తింది, దించింది. మళ్లీ ఎత్తింది. చివరికి ఆ నీళ్లు బర్రె ముందున్న తొట్టిలో పోసి వచ్చింది.

"పోయబుద్ధి గాలేదే," అంది. "నీ తాత మీద వానబడ్డట్టె అనిపిచ్చింది."

"మరేం జేస్తవ్?"

"గా కట్టెల మీద వండినంక పొరగాండ్లకు అమ్మవారు పోస్తె? ఒక్క పిల్లగానికి జ్వరం వచ్చినా నా ఖాతాలనే గద పడేది. అప్పుడు ఎండు కట్టెలున్నా నేను పాపాత్మురాలినే."

ఆ తర్వాత కట్టెలు కొట్టి చూడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తెల్లవారుతుండగా పొగ వాసనకు కాదు, పొగ లేని మంట చిటపటకు మెలకువ వచ్చింది. బయటికి వస్తే మా గడప ముందు, రేకు కింద, మూడు ఇటుకల మీద కొత్త కుండ. నాయనమ్మ తల స్నానం చేసి, తడి వెంట్రుకలు ముడేసుకొని పొయ్యి ముందు కూర్చొని ఉంది. కుండలో బెల్లం అన్నం ఉడుకుతోంది.

"గింత జల్దీ ఎందుకు నాయనమ్మా? గల్లీ ఇంక లేవలే."

"గందుకే. ముందు మన బోనం పోవాలె. నా కట్టెల మీద వండింది ముందు నేనే తీస్కపోత. అన్ని జెప్పుకుంట. అమ్మ కొట్టెదుంటె నన్నే కొడుతది. ఆమెకు కోపం లేదంటె, గప్పుడు వీళ్లకిస్త."

మా అమ్మకు మెడనొప్పి మొదలైనప్పటి నుంచి బోనం ఎత్తేది నేనే. కుండకు పసుపు పూసి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టాక అలవాటుగా చుట్టకుదురు తీసుకోబోయాను. నాయనమ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"నువ్వొద్దు. నేనెత్తుత."

బాపు అప్పుడే కళ్లు నలుపుకుంటూ వచ్చాడు. తాత పోయినప్పటి నుంచి ఆమె బోనం ఎత్తలేదు. మా దగ్గర భర్త పోయిన వాళ్లు ఎత్తరు. "అమ్మా, జనం జూస్తె ఏమంటరు?"

"ఏమన్న అననీ. ఆడపిల్ల నెత్తి మీద నా భయం పెట్టాల్నా?"

నాకు ఎప్పుడూ ఏదో ఒక మాట దొరుకుతుంది. అప్పుడూ దొరికింది. "ఏం కాదు తియ్యి. ఒకవేళ అమ్మవారు నిన్ను తీస్కపోయిందనుకో, కట్టెలు రెడీనే ఉన్నయ్."

"మిగుల్తె గదనే పోరీ!"

గుడి రైలు పట్టాల దగ్గర. సన్నటి జల్లు, గాలి. నేను ఆమె మీద గొడుగు పడితే కసిరింది. "నాకెందుకు, దీపానికి పట్టు." ఆమె తడుస్తూ నడిచింది. నేను మునివేళ్ల మీద, చెయ్యి ఎత్తి, దీపానికి గొడుగు పట్టుకొని పక్కనే పరుగెత్తాను. మలుపు దగ్గర గాలి ఒక్కసారిగా కొట్టింది. దీపం నీలంగా మారి ఒత్తికి అతుక్కుపోయింది. నెత్తి మీదున్నది ఆమెకు కనబడదు.

"ఉన్నదా?" అంది కదలకుండా.

నేను గొడుగును దీపం దాకా వంచాను.

"సోనీ, ఉన్నదా, పోయిందా?"

మంట మెల్లగా లేచి నిలబడింది. "ఉన్నది, ఉన్నది. నడువు."

గుడిలో ఆమె అమ్మవారి ముందు పెదవులు కదిలిస్తూ ఎంతసేపు నిలబడిందంటే, పూజారి "ఎనుకకెల్లి గూడ వస్తరు తల్లీ, జరుగు" అన్నాడు. వెనక నేను తప్ప ఎవరూ లేరు. బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. దెబ్బ ఎటు నుంచి పడుతుందా అన్నట్టు చూస్తోంది. తుమ్మింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. మళ్లీ తుమ్మింది.

"ఎట్లున్నది?" అన్నాను.

"కాళ్లు గుంజుతున్నయ్."

"గవి రోజు గుంజుతయ్ గద."

"ఆఁ, గదే." ఇంకాసేపు చూసి, చీర కొంగు పిండుకొని లేచింది.

ఇంటికి వచ్చేసరికి విమలాదేవి మా గేటు దగ్గరే ఉంది. ఆమె వెనక గంపలతో గల్లీ ఆడవాళ్లు. నాయనమ్మ నుదుటి మీద పసుపు, నా చేతిలో చుట్టకుదురు చూసింది గానీ దాని గురించి ఏమీ అడగలేదు. "అక్కా, తీస్కోమంటవా?" అంది.

"నువ్వొక్కదానివి లోపలికి రా విమలా."

కొట్టంలో కట్టెల ముందు నిలబెట్టి చెప్పేసింది. "గివి బోనాలకు దాచినయి గావు. నేను పోయిన్నాడు ఏస్కుందమని దాచుకున్న. మా ఆయనకు అయినట్టు నాకు గావొద్దని."

విమలాదేవి అప్పటికే రెండు కట్టెలు చేతిలోకి తీసుకుంది. అట్లాగే ఆగింది. బాపు మళ్లీ బర్రె వెనక్కి జరిగాడు. నేను దుమ్మెత్తి పోసే మాటల కోసం చూస్తున్నాను.

"మరి నీకో?" అంది విమలాదేవి.

"ఏంది?"

"ఇవి మేం కాలబెడ్తె, రేపు నీకేమున్నయ్ అక్కా?"

నాయనమ్మ ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు. పై వరుసలో కదిలిన కట్టెను సర్దింది.

"అమ్మవారికి జెప్పినవా?" అంది విమలాదేవి మళ్లీ.

"జెప్పిన. అన్ని జెప్పిన."

"ఏమన్నది?"

"ఏమన్లే."

"అనకుంటె ఒప్పుకున్నట్టే." దుకాణం వాళ్ల కోడలు గదా, బేరం తెగ్గొట్టడం తెలుసు. ఇంకో రెండు కట్టెలు చంకలో పెట్టుకుంది. గడప దాకా పోయి వెనక్కి తిరిగి, "బయట ఎవ్వలకు జెప్పకు. నేను గూడ జెప్ప," అంది.

ఆ తర్వాత మా కొట్టం గల్లీ అంతటికీ వంటింటి దారి అయింది. ఒక్కొక్కరు వచ్చి పట్టుకుపోయారు. తడిసిన గచ్చు మీద పొయ్యి రాజుకోవాలంటే మామూలుగా పట్టేదానికంటే ఎక్కువ కట్టెలు పట్టాయి. నాయనమ్మ ఆపలేదు. ఎవరైనా అడుగు వరుస ముట్టుకుంటే మాత్రం, "గది మంచిది, చింతది, జర మెల్లగ," అంది. మధ్యాహ్నానికి గల్లీ పొడుగునా గొడుగుల కింద, రేకుల కింద పొయ్యిలు మండాయి. ముసురులో పొగ లేని బోనాల పండుగ నేను చూడటం అదే మొదటిసారి. డప్పులు వచ్చాయి, నేను మస్తుగా ఎగిరాను. నాయనమ్మ అరుగు మీద కూర్చొని ఒక్కో పొయ్యినీ చూసింది. ఆ కట్టెల మీద తాను సగం కాలి మిగిలేది కాదని ఆ రోజు ఆమెకు బాగా తెలిసి ఉంటుంది.

సాయంత్రానికి కొట్టంలో ఇటుకలు మిగిలాయి. ఎండు చోటు దొరికిందని చిన్న బర్రె తాడు తెంపుకొని వచ్చి వాటి పక్కనే పడుకుంది.

ఆ రోజు నుంచి అసలు కథ మొదలైంది. గల్లీలో ఏ పిల్లవాడు దగ్గినా నాయనమ్మ గేటు దగ్గరికి పోయి "జ్వరమున్నదా?" అని అడుగుతుంది. ఎవరికీ ఏమీ కాలేదు, ఒకడికి పండుగనాడు బెల్లం అన్నం ఎక్కువై కడుపు నొచ్చింది తప్ప. తనకు మాత్రం ముక్కు కారడం ఆగలేదు. శ్రావణం వచ్చింది. వాన ఆగలేదు. ఒక్క ఎండు పుల్ల లేదు. రోజుకు మూడు పూటలా కషాయం తాగి, తన నాడి తానే పట్టుకొని చూసుకునేది.

గాలివానకు ఎక్కడో చెట్లు కూలాయని కృష్ణయ్య ట్రాలీ నిండా కొమ్మలు తెచ్చాడు. చింత. తొర్ర లేనిది, నిగనిగలాడుతోంది, కోసిన చోట నీళ్లు కారుతున్నాయి.

"అవ్వా, గివి ఒట్టి పచ్చియి. గీ వానల ఎట్ల ఎండుతయ్? వేరే ఎవలకన్న పోస్త."

"నువ్వు దించు ముందుగాల. ఇటుకల మీద పేర్చు. సందులు ఇడు." మఫ్లర్ సవరించుకొని రెండు కొమ్మలు చెవి దగ్గర కొట్టింది. దబ్. తడి గుడ్డ నేలకేసి కొట్టినట్టు. బర్రె కూడా తల తిప్పి చూసింది.

"ఎప్పటికి ఎండుతయ్ నాయనమ్మా?" అన్నాను.

"వచ్చే ఎండాకాలమంత మిద్దె మీద ఉండాలె."

"అయితె అప్పటిదాక నువ్వు పోవద్దు."

"పోతె ఎట్లనే? గీ పచ్చి కట్టెల మీదనా? నీ తాత లెక్క ఊరంత పొగబెట్టాల్నా?" అంటూ గట్టిగా తుమ్మింది. కొమ్మలను కొంగుతో తుడిచింది, నా వైపు చూసింది.

"నిలబడి ఏం జూస్తున్నవ్? డాక్టరు ఉన్నడో లేడో చూసి రాపో. జల్దీ!"